కర్త లేని వాక్యం: అద్దె ఇంటి బోర్డు నుంచి కృత్రిమ మేధ దాకా

"ఇల్లు అద్దెకు ఇవ్వబడును." తెలుగు పట్టణాల్లో ఇంతమంది చదివిన వాక్యం మరొకటి ఉండదేమో. అయినా మన సాహిత్య విమర్శ దాని జోలికి పోలేదు. గోడమీది రాతలో సాహిత్యమేముందని కొందరికి అనిపించవచ్చు. కాని ఒక సమాజం తన స్వభావాన్ని కావ్యాల్లో దాచుకోగలిగినంతగా బోర్డుల్లో దాచుకోలేదు. బోర్డు రాసేవాడికి అలంకారాల మీద ధ్యాస ఉండదు. తనకు కావలసినదేదో, అక్కరలేనిదేదో నాలుగు ముక్కల్లో రాసి గేటుకు తగిలిస్తాడు.

ఆ వాక్యంలో క్రియను చూడండి. ఏ ఇంటాయనా నోటితో "ఇవ్వబడును" అనడు. "పై పోర్షన్ ఇస్తున్నాం" అంటాడు, లేదా "కిరాయికిస్తం" అంటాడు. కర్మణి ప్రయోగం తెలుగు నుడికారానికి పొసగదని బడిపిల్లలకు కూడా చెబుతూనే ఉన్నాం. అయినా బోర్డు దగ్గరకు వచ్చేసరికి అదే రాజ్యమేలుతుంది. ఎందుకని? కర్మణిలో కర్త చాటున ఉండవచ్చు. ఇచ్చేదెవరో, ఎవరికిస్తారో, ఎవరికి ఎందుకివ్వరో ఆ క్రియ చెప్పదు. ఇల్లు తనంతట తానే ఒకరికి దొరికి, ఇంకొకరికి దొరకకుండా పోతున్నట్టుంటుంది. ఈ మాటలు రాస్తున్న కాలంలో అదే ప్రయోగం సెల్‌ఫోను తెర మీదికి ఎక్కింది: "మీ దరఖాస్తు తిరస్కరించబడినది." గేటు బోర్డుకూ, ఈ తెరకూ మధ్య ఉన్న చరిత్రను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాన్ని కేంద్రంగా తీసుకోవడానికి కారణముంది. అద్దె గదుల మీద బతికే పేటలు హైదరాబాదులో ఇంకా ఉన్నాయి. కాని గేటు బోర్డూ, కంప్యూటరు చదువూ ఒకే గోడమీద పక్కపక్కన కనిపించే పేట ఇది.

గుమ్మం దగ్గర ఇంటిపేరు

మన పల్లెలో ఇల్లు ఎవరిది ఎక్కడ ఉండాలో ముందే నిర్ణయమై ఉండేది. ఊరు వేరు, వాడ వేరు. గాలి వాటం, నీటి వాలు కూడా చూసుకుని వాడను ఊరికి దిగువన పెట్టారు. పట్నం వస్తే ఈ గీతలు చెరిగిపోతాయని నూరేళ్ళ కింద సంస్కర్తలు నమ్మారు. కొంతవరకు చెరిగాయి. బస్సులో పక్క సీటు, హోటల్లో పక్క బల్ల, ఆఫీసులో పక్క కుర్చీ వచ్చాయి. గీత చెరగని చోటు ఇంటి గుమ్మం.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కర్నూలు రాజధాని హైదరాబాదుకు తరలినప్పుడు ఉద్యోగుల కుటుంబాలు పెద్ద సంఖ్యలో నగరానికి వచ్చాయి. వాటికి ఇళ్ళు కావలసి వచ్చాయి. 1908 మూసీ వరదల తరువాత, 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి మండలి స్థానంలో 1960లో హౌసింగ్ బోర్డు వచ్చింది. సంజీవరెడ్డి నగర్ వంటి కాలనీలు లేచాయి. ఆ కాలనీల్లో ఇళ్ళను ఆదాయ వర్గాల పేరుతో విభజించారు: ఎల్.ఐ.జి., ఎం.ఐ.జి., హెచ్.ఐ.జి. కాగితం మీద కులం లేదు, మతం లేదు, జీతం ఒక్కటే ఉంది. ఇది చిన్న మార్పు కాదు. కాని అలా ఇల్లు పొందిన ఉద్యోగి, తరువాత మేడమీద రెండు గదులు వేసి అద్దెకిచ్చే రోజు వచ్చేసరికి, తనను ఎవరూ అడగని ప్రశ్నను తాను అడగడం మొదలుపెట్టాడు.

ఆ ప్రశ్న సూటిగా ఉండదు. "మీ ఇంటిపేరేమిటండీ?" అంటారు. ఇల్లు లేక వచ్చినవాణ్ణి ఇంటి పేరు అడగడంలోని వైపరీత్యం అడిగేవారికి తోచదు. ఇంటిపేరుతో తేలకపోతే, "ఏ ఊరు?" అంటారు. అప్పటికీ తేలకపోతే, "మీరు తింటారా?" అంటారు. ఇక్కడ "తినడం" అనే క్రియకు కర్మ ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఈ మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులను కలిపి ఇంటి యజమాని మనసులో ఒక లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క పూర్తయ్యాక, "మా అబ్బాయి వస్తున్నాడండీ, ఇవ్వడం లేదు" అంటాడు. బోర్డు మాత్రం మర్నాడు కూడా గేటుకే ఉంటుంది.

1955లో వచ్చిన "మిస్సమ్మ" చిత్రం మనకు హాస్యంగా గుర్తుండిపోయింది. భార్యాభర్తలకు మాత్రమే దొరికే ఉద్యోగం కోసం, దానితోపాటు దొరికే బస కోసం ఇద్దరు నిరుద్యోగులు దంపతులమని అబద్ధమాడతారు. మేరీ అనే క్రైస్తవ యువతి మహాలక్ష్మి అనే పేరు మోయవలసి వస్తుంది. పేరు మార్చుకుంటే గాని తల దాచుకోను చోటు లేదన్న సత్యం ఆ కథకు పునాది. అయితే చివరికి ఆమె నిజంగానే జమీందారు తప్పిపోయిన కూతురని తేలుతుంది. మేరీ మేరీగానే ఆ ఇంట్లో నిలవవలసిన పరిస్థితిని కథ తప్పించింది. మేడమీద గది కోసం పేరు మార్చి చెప్పుకునే వారికి అటువంటి ముగింపు దొరకదు.

1990ల నుంచి అమీర్‌పేట రూపు మారింది. మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, వాటి వెనుక సందుల్లో హాస్టళ్ళు పుట్టుకొచ్చాయి. శ్రీకాకుళం నుంచి, అనంతపురం నుంచి, ఆదిలాబాదు నుంచి వచ్చిన పిల్లలు గదికి నలుగురైదుగురు చొప్పున సర్దుకున్నారు. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. హాస్టలుకూ ఇంటి పోర్షనుకూ మధ్య తేడా ఈ పేటలో ప్రతి విద్యార్థికీ తెలుసు. హాస్టలు డబ్బును చూస్తుంది. పోర్షన్ మనిషిని చూస్తుంది. మంచం లెక్కన అద్దె తీసుకునే పెట్టుబడి కులం అడగడం కొంత తగ్గించింది నిజమే. అంతమాత్రాన పెట్టుబడి కులాన్ని నిర్మూలిస్తుందని సంతోషించిన వారు, అదే పేటలో "ఫ్యామిలీస్ ఓన్లీ", "వెజిటేరియన్స్ ఓన్లీ" బోర్డులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

రాజ్యం కర్తగా నిలబడిన కాలం

అద్దె ఇంటి వ్యవహారం రెండు ప్రైవేటు కుటుంబాల మధ్య సంగతి, ఇందులో ప్రభుత్వానికేం పని అనే వాదన ఈనాడు బలంగా ఉంది. చరిత్ర దీన్ని సమర్థించదు. నిజాం ప్రభుత్వమే ఫసలీ 1353లో, అంటే 1943-44 ప్రాంతంలో, ఇంటి అద్దెల నియంత్రణకు ఉత్తర్వు తెచ్చింది. 1954లో హైదరాబాద్ రాష్ట్రం చట్టం చేసింది. 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. ఆ చట్టం మూడవ సెక్షన్ ప్రకారం, ఇల్లు ఖాళీ అయిన పది రోజుల్లోగా యజమాని అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి. ప్రభుత్వం కావాలనుకుంటే ఆ ఇంటిని తన ఉద్యోగులకు కేటాయించవచ్చు. ఎవరికివ్వాలనే నిర్ణయంలో రాజ్యం బహిరంగంగా చెయ్యి పెట్టిన సందర్భమిది.

ఈ చట్టాన్ని నీరుగార్చిన కథ కూడా గుర్తుంచుకోదగినదే. 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన భవనాలకు చట్టం వర్తించదని మినహాయింపు పెట్టారు. కొత్త ఇళ్ళు కట్టేవారికి ప్రోత్సాహం అన్నారు. పాతికేళ్ళు గడిచినా ఆ మినహాయింపు పోలేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు దాన్ని సమానత్వ సూత్రానికి విరుద్ధమని కొట్టివేసింది. ఆ ఏడాది డిసెంబరులోనే ప్రభుత్వం ఇంకొక ఉత్తర్వు తెచ్చింది. పదేళ్ళ లోపు భవనాలకూ, నెలకు వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకూ మళ్ళీ మినహాయింపు ఇచ్చింది. ఆనాడు వెయ్యి రూపాయలు పెద్ద మొత్తం. తరువాత ఆ అంకె కింద నిలిచే ఇల్లు నగరంలో ఎన్ని మిగిలి ఉంటాయో పాఠకులు ఊహించగలరు.

ఇంతకూ ఈ చట్టాలన్నీ అద్దె ఎంత, ఖాళీ ఎప్పుడు అన్న ప్రశ్నల చుట్టూ తిరిగాయి. "ఈ కులం వాడికి ఇవ్వను" అన్న మాటకు వాటిలో జవాబు లేదు. రాజ్యాంగం 15వ అధికరణం రెండవ భాగం దుకాణాలను, హోటళ్ళను, బావులను, స్నానఘట్టాలను పేర్కొంది. అద్దె ఇంటిని పేర్కొనలేదు. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టంగా పేరు మారినది, ఏ ప్రాంతంలోనైనా నివాస గృహాన్ని పొందడంలో, అందులో ఉండడంలో అస్పృశ్యత కారణంగా అడ్డుపడడాన్ని శిక్షార్హం చేసింది. చట్టమైతే ఉంది. "మా అబ్బాయి వస్తున్నాడు" అన్న వాక్యాన్ని కోర్టులో అస్పృశ్యతగా నిరూపించడమే కష్టం. 2005లో అహ్మదాబాదు పార్సీల గృహ సహకార సంఘం కేసులో, సభ్యత్వాన్ని తమ మతస్థులకే పరిమితం చేసుకునే హక్కును సుప్రీంకోర్టు ఆమోదించింది. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం కూడా కులమత వివక్షను ముట్టుకోలేదు. విశేషమేమిటంటే, 2017 నాటి హెచ్.ఐ.వి. చట్టం, 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం అద్దె ఇల్లు నిరాకరించడాన్ని వివక్ష అని స్పష్టంగా పేరు పెట్టి నిషేధించాయి. పేరు పెట్టడం చేతనవుతుందని దీనివల్ల తెలుస్తున్నది. కులానికీ మతానికీ వచ్చేసరికి ఆ చెయ్యి ఆగింది.

సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీ రాజధాని ప్రాంతంలో జరిపిన ఒక పరిశీలన 2015లో వెలువడింది. అవే ఇళ్ళకు సవర్ణ, దళిత, ముస్లిం పేర్లతో వేరువేరుగా ఫోన్ చేయించారు. నేరుగా కూడా పంపారు. ఒకే జీతం, ఒకే చదువు చెప్పినా పేరును బట్టి జవాబు మారింది. "లేదండీ" అన్న ఒక్క జవాబు దేన్నీ నిరూపించదు. వందల జవాబులను పక్కపక్కన పేర్చినప్పుడు వివక్ష ఆకారం కనిపిస్తుంది. ఈ పద్ధతిని మనసులో ఉంచుకుని ముందుకు పోదాం.

ప్రకటన కూడా నేరమైన దేశం

అమెరికాలో 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 11న, ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పడింది. నల్లజాతి పేటల చుట్టూ ఎర్రగీతలు గీసి అప్పులివ్వని 1930ల నాటి పటాల చరిత్రకు అది ఆలస్యంగా వచ్చిన జవాబు. రచయితలమైన మనకు ఆ చట్టంలో ఒక భాగం ముఖ్యం. ఇల్లు నిరాకరించడంతోపాటు, ఫలానా జాతికి, మతానికి ప్రాధాన్యమిస్తామని సూచించే ప్రకటన రాయడం, అచ్చువేయడం, ప్రచురించడం కూడా అది నిషేధించింది. యజమాని తానే ఒక భాగంలో ఉంటూ మిగిలిన మూడు భాగాలు అద్దెకిచ్చే చిన్న ఇళ్ళకు చట్టంలో మినహాయింపు ఉంది. మన అమీర్‌పేట మేడ సరిగ్గా ఈ కోవలోకి వస్తుంది. అయినా ప్రకటన విషయంలో ఆ మినహాయింపు కూడా చెల్లదు. మనసులోని ద్వేషాన్ని చట్టం పట్టుకోలేకపోయినా, అది మాటగా గేటుకెక్కినప్పుడు పట్టుకోవచ్చునని ఆ శాసనకర్తలు గ్రహించారు.

అయితే ప్రకటన అచ్చుకాగితం వదిలి కంప్యూటరులోకి పోయాక కథ మలుపు తిరిగింది. ఇప్పుడు "నల్లవారికి ఇవ్వబడదు" అని రాయనక్కరలేదు. ఆ ప్రకటన నల్లవారి కంట పడకుండా చేస్తే చాలు. ఫేస్‌బుక్‌లో ఇళ్ళ ప్రకటనలను కొన్ని జాతుల వారికి కనిపించకుండా పెట్టవచ్చునని 2016లో ప్రొపబ్లికా పత్రిక బయటపెట్టింది. 2019లో అమెరికా గృహ శాఖ ఆ సంస్థ మీద అభియోగం మోపింది. 2022 జూన్‌లో రాజీ కుదిరి, ప్రకటనలు ఎవరికి చేరాలో నిర్ణయించే పద్ధతిని మార్చుకోవడానికి సంస్థ ఒప్పుకుంది. అద్దెకు వచ్చేవారికి మార్కులు వేసే సేఫ్‌రెంట్ అనే సంస్థ మీద మసాచుసెట్స్‌లో దావా పడింది. అప్పుల చరిత్రకు బరువిచ్చి, ప్రభుత్వ అద్దె సహాయాన్ని లెక్కలోకి తీసుకోని ఆ మార్కులు నల్లజాతి, హిస్పానిక్ పేదలను దెబ్బతీస్తున్నాయన్నది ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే సంస్థ 2024లో సుమారు 22 లక్షల 75 వేల డాలర్లకు రాజీపడింది.

ఇది మనకు దూరపు కథ కాదు. అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో దిగిన తెలుగు యువకుడికి అక్కడ అప్పుల చరిత్ర ఉండదు. అక్కడి యంత్రానికి అతడు అనుమానాస్పదుడు. ఇంటి దగ్గర తండ్రి వేసే లెక్క, అక్కడ కొడుకు మీద మరొక యంత్రం వేస్తుంది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేసినప్పుడు ఉద్యోగంతోపాటు నివాసాన్ని కూడా అందులో చేర్చింది. మనవాళ్ళు కులాన్ని కూడా సామానులో సర్దుకుని వెళ్ళారని ఆ నగరం గుర్తించింది.

సమగ్ర వేదిక నేర్పిన పాఠం

యంత్రం పేదవాడి పేరు చదివితే ఏమవుతుందో తెలంగాణకు స్వానుభవం ఉంది. 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో రాష్ట్రమంతటా ఇంటింటి సర్వే జరిగింది. ఆ తరువాతి సంవత్సరాల్లో "సమగ్ర వేదిక" అనే వ్యవస్థ వచ్చింది. వాహనాలు, ఆస్తులు, విద్యుత్తు, పన్నులు వంటి అనేక శాఖల జాబితాలను అది ఒకచోట కలుపుతుంది. ఒక జాబితాలోని పేరూ, మరొక జాబితాలోని పేరూ ఒకే మనిషివా కాదా అని లెక్కతో తేలుస్తుంది. మన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పది రకాలుగా రాయబడతాయి. ఒకే పేరు వందలమందికి ఉంటుంది. ఎవరి కారో ఇంకెవరి ఖాతాలోనో పడింది. రేషన్ కార్డు పోయింది.

2014-2019 మధ్య రాష్ట్రంలో 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటింటికీ వెళ్ళి విచారించమని ఆదేశించింది. ఆ జూలై నాటికి పరిశీలించిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 మంది అర్హులని తేలారు. నూటికి ఏడున్నర మంది. మిగతావారి విచారణ సంగతి అలా ఉంచినా, ఈ పదిహేను వేల కుటుంబాల అన్నం ఎవరు తీసేశారు? గుమాస్తా "కంప్యూటర్‌లో అలా వచ్చింది" అన్నాడు. కంప్యూటర్ ఏమీ అనలేదు. "రద్దు చేయబడినది." మళ్ళీ కర్త లేని వాక్యమే.

ఇళ్ళ విషయంలో కూడా ఇదే దారి పడుతున్నది. 2015 నవంబరులో సికింద్రాబాద్ ఐ.డి.హెచ్. కాలనీలో 396 ఇళ్ళతో డబుల్ బెడ్‌రూం పథకం కంటికి కనిపించింది. నగరంలో దరఖాస్తులు ఏడు లక్షలు. ఇళ్ళ లక్ష్యం ఒక లక్ష. 2023 ఆగస్టులో కంప్యూటర్ లాటరీతో మొదటి విడత లబ్ధిదారులను ఎంపిక చేశారు. లాటరీలో ఒక న్యాయముంది. అది ఇంటిపేరు అడగదు. పైరవీకారుడి కన్నా అది మేలని ఎవరైనా అంటే కాదనలేం. కాని ఏడుగురికి ఒక ఇల్లు కట్టి, ఎవరికన్నది నిష్పక్షపాతంగా తేల్చామని చెప్పుకోవడం, కొరతను న్యాయంగా చూపడమే. పైగా అదే ఏడాది జూన్‌లో ప్రారంభమైన 15,660 ఇళ్ళ కొల్లూరు కాలనీ నగరం అంచున ఉంది. పంజాగుట్ట బస్తీలో ఉంటూ నాలుగిళ్ళలో పాచిపని చేసుకునే మనిషికి అక్కడ ఇల్లు వస్తే, ఇల్లు దక్కి పని పోతుంది. ఈ దూరాన్ని ఏ లెక్కలో వేయాలో యంత్రానికి చెప్పవలసిన మనిషి చెప్పలేదు.

చోటు విషయానికి వస్తే, పంజాగుట్టకు ఇంకొక జ్ఞాపకం కూడా ఉంది. 2019 ఏప్రిల్ 13న, జయంతికి ఒక రోజు ముందు, అక్కడ నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని అనుమతి లేదని తొలగించి చెత్త యార్డుకు చేర్చారు. 2023లో గాని ఆ కూడలిలో ఆయన విగ్రహానికి చోటు దొరకలేదు. 2016 జనవరిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి వెలివేయబడిన అయిదుగురు దళిత పరిశోధకులు ఆరుబయట వేసుకున్న గుడారానికి "వెలివాడ" అని పేరు పెట్టారు. వారిలో రోహిత్ వేముల జనవరి 17న మరణించాడు. పల్లెలో పోయిందనుకున్న మాట విశ్వవిద్యాలయంలో మళ్ళీ అవసరమైంది. నివాసం ప్రశ్నను పరిపాలనా సమస్యగా మాత్రమే చూసేవారు ఈ మాట తిరిగి రావడాన్ని గమనించాలి.

"బాధ్యతాయుత" అనే విశేషణం

మా బడిలో చదివి, ప్రస్తుతం అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్న ఒక అమ్మాయి ఆమధ్య ఒక ఇంటర్న్‌షిప్ ప్రకటన చదివి వినిపించింది. ఇళ్ళ కేటాయింపులో న్యాయం కోసం "బాధ్యతాయుత కృత్రిమ మేధ"ను ప్రచారం చేయాలి. వార్తాలేఖలు, చిన్న వ్యాసాలు, ఫేస్‌బుక్ రాతలు రాయాలి. "రాయమంటారా సార్?" అని అడిగింది. మన వాళ్ళలో కొందరు వెంటనే వద్దంటారు. పెట్టుబడిదారుడి యంత్రానికి పూలమాల కట్టడమంటారు. ఆ భయం నిరాధారమేమీ కాదు. అయినా నేను రాయమనే చెప్పాను. ఎలా రాయాలన్నదే అసలు ప్రశ్న.

"బాధ్యతాయుత" అనే విశేషణం యంత్రానికి అంటదు. బాధ్యత కర్తకుంటుంది, యంత్రం కరణం. కత్తితో కోశాడన్నప్పుడు తృతీయా విభక్తి కత్తికి పడుతుంది, నేరం కోసినవాడికి పడుతుంది. ఈ మాత్రం వ్యాకరణం తెలిసిన రచయిత ఆ ప్రచార వ్యాసం రాసేటప్పుడు ప్రతి వాక్యానికీ కర్తను అడగాలి. ఈ మార్కులు ఎవరు వేయించారు? ఏ జాబితాల నుంచి తీసుకున్నారు? కాదన్నప్పుడు కారణం ఎవరు చెబుతారు? అప్పీలు ఎవరి బల్ల దగ్గర? తప్పు తేలితే నష్టపరిహారం ఎవరిస్తారు? ఈ అయిదింటికీ జవాబున్న వ్యవస్థను మెచ్చుకోవచ్చు. జవాబు లేనిచోట "బాధ్యతాయుత" అన్నది ఒట్టి రంగు.

ఇక్కడ ఒక సంక్లిష్టతను దాటవేయకూడదు. యంత్రానికి కులం, మతం చెప్పకపోతే చాలునని చాలామంది భావిస్తున్నారు. పేరులో, పేటలో, తిండిలో, పుట్టిన ఊళ్ళో కులం ఎలాగూ ఉంది. దాచినా యంత్రం దాన్ని పసిగడుతుంది. అమెరికాలో ఆ సంస్థలను ప్రశ్నించగలిగారంటే, ఫలితాలను జాతివారీగా లెక్కించి చూపగలిగారు కనుక. థోరట్ బృందం చేసినదీ అదే. ఫలితాలను కులం వారీగా, మతం వారీగా బయటపెట్టి పరీక్షించే ఏర్పాటు లేనిచోట, కులం తెలియదని చెప్పుకునే యంత్రం "మా అబ్బాయి వస్తున్నాడు" అన్న ఇంటాయనకు తమ్ముడే. మరొక వైపు, ఆ వివరాలన్నీ రాజ్యం చేతిలో, కంపెనీ చేతిలో పోగుపడడం కూడా ప్రమాదమే. పరీక్షించే హక్కు ప్రజలకుండాలి, ఏరివేసే అధికారం ఎవరికీ ఉండకూడదు. ఈ రెంటినీ ఒకే చట్టంలో రాయించుకోవడం ఒక పోరాటం. అందులో వకీళ్ళతోపాటు రచయితలకూ పని ఉంది.

బోయి భీమన్న "గుడిసెలు కాలిపోతున్నాయి" అని పుస్తకానికి పేరు పెట్టాడు. దానికి 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆనాటి సాహిత్యం ముందు గుడిసె కాలడం కంటికి కనిపించే సంఘటన. పొగ లేస్తుంది, ఏడుపు వినిపిస్తుంది. ఈనాడు ఇల్లు నిరాకరణ నిశ్శబ్దంగా, ఒక చిన్న తెరమీద, మర్యాదైన భాషలో జరుగుతున్నది. దాన్ని చూపగల కథ, చెప్పగల విమర్శ మనం ఇంకా తగినంతగా రాయలేదు. మన యువరచయితలు అమీర్‌పేట గదుల్లోనే ఉన్నారు. యంత్రానికి చదువు చెప్పే కోర్సులు అదే వీధిలో నేర్చుకుంటున్నారు. గేటు దగ్గర అడిగిన మూడు ప్రశ్నలూ వారికి కంఠతా వచ్చు. "ఇవ్వబడును", "తిరస్కరించబడినది" అన్న వాక్యాలను కర్తరిలోకి మార్చి రాయడం ఎనిమిదో తరగతి అభ్యాసం. ఇప్పుడు ఆ అభ్యాసాన్ని ప్రజల ముందు చేయవలసిన వాళ్ళు వాళ్ళే.